అనంతపురం ప్రజావేదికలు: తప్పు దొరుకుతుంది, డబ్బు దొరకదు

2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టంలో 25వ సెక్షన్‌ను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. చట్టంలోని నిబంధనలను ఉల్లంఘించినవారికి, నేరం రుజువైతే, వెయ్యి రూపాయల వరకు జరిమానా వేయవచ్చని ఆ సెక్షన్ చెబుతుంది. 2025–26కు ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం కింద కేంద్రం నిర్ణయించిన రోజు కూలి 307 రూపాయలు. అంటే అధికారి చేసిన తప్పుకు గరిష్ఠ ఖరీదు కూలీ మూడున్నర రోజుల కష్టానికి కూడా సమానం కాదు. మరోవైపు, పని జరిగే చోట సిగ్నల్ అందక కూలీ ఫోటో హాజరు నమోదు చేసే యాప్‌లోకి ఎక్కలేదనుకుందాం. హాజరు పడదు, కూలి రాదు. దానికి విచారణ ఉండదు, రుజువు అక్కర్లేదు, వెయ్యి రూపాయల పరిమితీ లేదు.

పేదల కోసం ఖర్చు పెట్టే ప్రజాధనంపై పర్యవేక్షణ చాలడం లేదన్న మాట తరచూ వింటుంటాం. అనంతపురం జిల్లా అనుభవం చూస్తే అది సగమే నిజమనిపిస్తుంది. ఇక్కడ పర్యవేక్షణకు ఎప్పుడూ కొదవ లేదు. అది ఎవరి వైపు తిరిగి ఉందన్నదే తేల్చుకోవలసిన విషయం.

ఈ ప్రాంతానికి ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. 1876–78 కరువు బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను తుడిచిపెట్టింది. అనంతపురం అప్పటికి బళ్ళారి జిల్లాలోనే ఉంది. విడి జిల్లాగా ఏర్పడింది 1882లో. సహాయ పనులకు ఖర్చు మితిమీరుతోందని భావించిన వలస ప్రభుత్వం 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను తన ప్రతినిధిగా మద్రాసు ప్రెసిడెన్సీకి పంపింది. ఆయన లెక్క ప్రకారం పనికి వచ్చిన మనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం, దానిపైన కాస్త చిల్లర సరిపోతుంది. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. ఆ తిండితో మట్టి పని చేసే మనిషి బతకలేడని వాదించాడు. కొన్ని నెలల్లో ఆ కొలతను సడలించక తప్పలేదు. అయితే టెంపుల్ వెనకున్న ఆలోచన మాత్రం ఆయనతో పోలేదు. ఊరికి దూరంగా ఉన్న క్యాంపుకు నడిచి వచ్చి, తక్కువ కూలికి గట్టి పని చేయడానికి సిద్ధపడినవాడే అసలైన పేద అన్నది ఆ ఆలోచన. ఖజానా డబ్బు వృథా కాకుండా చూడటమంటే పేదవాడిని పరీక్షించడమే. ధాన్యం ఎత్తించిన కాంట్రాక్టరునో, హాజరు వేసిన గుమాస్తానో పరీక్షించే ఏర్పాటు ఆ లెక్కలో రెండో స్థానానికి కూడా నోచుకోలేదు.

ఆ వరుసను తలకిందులు చేసే ప్రయత్నం కూడా ఈ జిల్లాలోనే మొదలవడం విశేషం. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. తొలి విడతలో దేశమంతటా 200 జిల్లాలు చేరాయి. అనంతపురాన్ని వేదికగా ఎంచుకోవడానికి కారణం ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, దాన్నే నమ్ముకున్న వేరుశనగ, వాన ముఖం చాటేసిన ఏడు బెంగళూరు బస్సు ఎక్కే కుటుంబాలు. పల్లెల్లో ఈ పనిని ఇప్పటికీ చాలామంది ‘కరువు పని’ అనే పిలుస్తారు. చట్టం దాన్ని హక్కుగా మార్చి రెండు దశాబ్దాలైనా పేరు మాత్రం పాతదే నిలిచింది.

చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభకు ఒక అధికారం ఇచ్చింది: ఊళ్లో జరిగిన పనులన్నిటినీ సామాజిక తనిఖీ చేయడం. ఈ ఊహ రాజస్థాన్ నుంచి వచ్చింది. అక్కడ మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుంచి ‘జన్ సున్వాయి’ పేరుతో ఊరి జనం ముందు మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), బిల్లులు చదివించింది. లేని మనిషి పేరుతో కూలి డ్రా అయిన సంగతి, కట్టని గోడకు సిమెంటు కొన్న సంగతి అలా బయటపడ్డాయి. రాజస్థాన్‌లో ఇది ప్రభుత్వానికి ఎదురు నిలిచిన ఉద్యమం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే దాన్ని చేతికి తీసుకుంది. 2006లోనే అనంతపురంలో భారీ ఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. 2009లో ఆ పని కోసం ప్రత్యేక సొసైటీని ఏర్పాటు చేశారు. రాజస్థాన్ ఉద్యమంలో పనిచేసిన సౌమ్య కిడాంబి దానికి సారథ్యం వహించారు. 2011లో కేంద్రం, ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే రాజ్యాంగ సంస్థ కాగ్‌తో సంప్రదించి, దేశమంతటికీ తనిఖీ నియమాలు తెచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ అనుభవమే దానికి నమూనా అయింది.

ఈ తనిఖీ ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చూడాలి. దాని బలం, బలహీనత రెండూ ఆ వివరంలోనే ఉన్నాయి.

మండలానికి ఒక బృందం వస్తుంది. జిల్లా స్థాయి రిసోర్స్ పర్సన్ల కింద పనిచేసే గ్రామ సామాజిక తనిఖీదారులు ఎక్కువగా కూలీ కుటుంబాల్లో చదువుకున్న యువకులు, యువతులు. సొంత ఊరిని తనిఖీ చేయడానికి వాళ్లను పంపరు. ముందుగా మండల పరిషత్ కార్యాలయంలోని ఉపాధి విభాగం నుంచి మస్టర్లు, కొలతల పుస్తకాలు, చెల్లింపుల వివరాలు, సామగ్రి బిల్లులు తీసుకుంటారు. తర్వాత ఇంటింటికీ వెళ్లి జాబ్ కార్డు చూపించమని అడుగుతారు. ‘ఈ వారం మీరు ఆరు రోజులు పనిచేసినట్టు ఉంది, చేశారా? ఇంత డబ్బు పడినట్టు ఉంది, పడిందా?’ ఇంతే ప్రశ్న. ఆ తర్వాత టేపు పట్టుకుని నీటి కుంట, కందకం, చెక్‌డ్యామ్ కొలుస్తారు. మామిడి, చీనీ తోటల్లో అయితే మొక్కలు లెక్కపెడతారు. దొరికినదంతా గ్రామసభలో చదివి, చివరికి మండల కేంద్రంలో ప్రజావేదిక, అంటే అందరి ముందు జరిగే బహిరంగ విచారణ పెడతారు.

కాగ్ చేసే తనిఖీకీ దీనికీ ఉన్న తేడా ఇక్కడ కనిపిస్తుంది. రాజ్యాంగం బలంగా నిలబెట్టిన సంస్థ అది. శాసనసభ ముందుకు వచ్చే దాని నివేదికల విలువను తక్కువ చేయనక్కర్లేదు. కానీ కాగ్ బృందం చూసేది కొన్ని ఎంపిక చేసిన మండలాలను, ప్రధానంగా కాగితాలను, అదీ ఏళ్లు గడిచాక. దొంగ మస్టరును శ్రద్ధగా రాసిపెట్టినవాడి కాగితాలు నిజాయతీపరుడి కాగితాల కన్నా శుభ్రంగా ఉంటాయి. ఆ మస్టరులోని పేరు గల మనిషి అప్పుడు బెంగళూరులో ఉన్నాడన్న సంగతి పొరుగింటావిడకు తెలుస్తుంది గానీ ఆడిట్ అధికారికి తెలియదు. సామాజిక తనిఖీ చేసిందల్లా ఆ పొరుగింటావిడ మాటను సాక్ష్యంగా మార్చడమే. కూలీని పరీక్షించే పాత పద్ధతి స్థానంలో కూలీయే ప్రభుత్వ లెక్కను పరీక్షించే పద్ధతి వచ్చింది. కూలీల గుంపును చూసే మేట్, ఊళ్లో పథకం పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ మొదలు టెక్నికల్ అసిస్టెంట్, మండలంలో పథకాన్ని చూసే ఏపీవో, ఎంపీడీవో దాకా వరుసగా కూర్చుని ఉండగా, చదువురాని మనిషి లేచి ‘నేను ఆ పనికి పోలేదు’ అని మైకులో చెప్పడం రాయలసీమ పల్లెల అధికార వరుసలో చిన్న విషయం కాదు.

అయితే తాళం వేసిన ఇళ్లు ఈ పద్ధతికి పెద్ద చిక్కు. కర్నూలు జిల్లా పశ్చిమాన కోసిగి, మంత్రాలయం, ఆదోని, ఆలూరు ప్రాంతాల నుంచి మిర్చి కోతలకు గుంటూరు వైపు, పత్తి ఏరడానికి తెలంగాణ వైపు కుటుంబాలకు కుటుంబాలే తరలిపోతాయి. అనంతపురం పల్లెల నుంచి బెంగళూరు నిర్మాణ పనులకు పోతారు. బినామీ మస్టరుకు అనువైన పేరు ఊళ్లో లేనివాడి పేరే. తనిఖీ బృందం వచ్చినప్పుడు అడ్డం తిరగడానికి కూడా అతను ఉండడు. ఇంటికి తాళం ఉండటమే సాక్ష్యమని తనిఖీదారు రాసుకుంటాడు. నిన్నటిదాకా ఊళ్లోనే ఉన్నాడని ఫీల్డ్ అసిస్టెంట్ ప్రజావేదికలో వాదిస్తాడు. కూలీ సంతకం లేని అభ్యంతరం విచారణలో నిలబడటం కష్టం. పథకం ఎవరి వలసను ఆపడానికి పుట్టిందో, వాళ్ల విషయంలోనే దాని తనిఖీ అన్నిటికన్నా బలహీనంగా ఉంది.

రెండో చిక్కు సామగ్రి బిల్లులది. చట్టం ప్రకారం ఖర్చులో కనీసం 60 శాతం కూలికి పోవాలి. మిగతా 40 శాతం వరకు సిమెంటు, ఇసుక, కంకర వంటి సామగ్రికి పెట్టవచ్చు. తాను ఎన్ని రోజులు పనిచేశాడో కూలీకి తెలుసు. సిమెంటు రోడ్డు మందం ఎంత ఉండాలో, ఎన్ని బస్తాలు పోయాలో, బిల్లులో ఎన్ని రాశారో అతనికి తెలిసే దారి లేదు. 2006–2010 మధ్య ఉమ్మడి రాష్ట్రంలో జరిగిన తనిఖీల నివేదికలను పరిశీలించిన ఆర్థికవేత్తలకు ఇదే కనిపించింది. తనిఖీలు ఒకదాని వెంట ఒకటి జరుగుతున్నా అక్రమాలు తగ్గిపోలేదు; సులువుగా పట్టుబడే కూలి అక్రమాల నుంచి పట్టుకోవడం కష్టమైన సామగ్రి అక్రమాల వైపు జరిగాయి. ఊరి కళ్లు ఎక్కడ పడతాయో తెలిసినవాడు అక్కడ లెక్క సరిచేసుకుని, మరోచోట చేయి పెడతాడు.

ఇటీవలి కాలంలో ఈ సంగతికి బరువు ఇంకా పెరిగింది. ప్రభుత్వాలు మారినా సామగ్రి వాటాపై మక్కువ మాత్రం మారలేదు. గత ప్రభుత్వం గ్రామ సచివాలయాల వంటి భవనాలకు ఆ నిధులను మళ్లించింది. ఇప్పటి ప్రభుత్వం 2024 ఆగస్టు 23న 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి, అక్టోబరులో ‘పల్లె పండుగ’ పేరుతో సిమెంటు రోడ్లు, గోకులాలు (పశువుల షెడ్లు) మొదలుపెట్టింది. రోడ్డు ఊరికి అక్కరకు వచ్చేదే, దాన్ని తప్పుపట్టనవసరం లేదు. కానీ దాన్ని కొలవడానికి టేపు సరిపోదు. రోడ్డులోంచి నమూనా ముక్క (కోర్) తీసి పరీక్షించే పరికరం, దాని ఫలితాన్ని చదవగల ఇంజనీరు కావాలి. ఆ ఇంజనీరు ఏ శాఖవాడన్న ప్రశ్న వెంటనే వస్తుంది.

ఇక డబ్బు తిరిగి రావడం. 2017–18 నుంచి నాలుగేళ్లలో సామాజిక తనిఖీలు దేశవ్యాప్తంగా సుమారు 935 కోట్ల రూపాయల దుర్వినియోగాన్ని గుర్తించాయని కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ వివరాలు 2021లో వెల్లడించాయి. అందులో తిరిగి రాబట్టింది ఒకటిన్నర శాతం కూడా లేదు. ఆంధ్రప్రదేశ్ వాటా 200 కోట్లు దాటింది. రికవరీ ఇక్కడ కూడా రెండు శాతంలోపే. అదే పట్టికలో కొన్ని రాష్ట్రాల ఎదుట సున్నా ఉంది. వాటిలో అవినీతి లేదని అనుకునేంత అమాయకత్వం ఎవరికీ ఉండదు. వెతికిన చోటే దొరుకుతుంది కాబట్టి, ఈ పట్టికలో పెద్ద అంకె ఉన్న రాష్ట్రాన్ని అత్యంత అవినీతి రాష్ట్రంగా చూపే వార్తాశీర్షికలు తనిఖీకే అపకారం చేస్తాయి. తప్పు దొరికితే పరువు పోతుందని తేలితే, వెతకడం మానేయడం ఏ ప్రభుత్వానికైనా తేలికైన మార్గం.

గుర్తించినది ఎందుకు వసూలు కాదు? జిల్లా ఎడిషన్లలో తరచూ కనిపించే వార్త ఇలా ఉంటుంది: ఫలానా మండలంలో ప్రజావేదిక, ఇన్ని వేల రూపాయల రికవరీకి ఆదేశం, ఫలానా ఫీల్డ్ అసిస్టెంట్‌పై చర్య. తర్వాత ఏమైందో చెప్పే వార్త ఉండదు. ప్రజావేదికకు అధ్యక్షత వహించేది జిల్లా నీటి యాజమాన్య సంస్థ, అంటే డ్వామా అధికారులు. పథకాన్ని నడిపేది కూడా వాళ్లే. అభ్యంతరాన్ని ఉంచాలా, మొత్తం తగ్గించాలా, ‘డ్రాప్’ చేయాలా అన్నది అక్కడే చాలావరకు తేలిపోతుంది. తనిఖీ బృందం లక్షల్లో చూపిన అభ్యంతరం వేదిక ముగిసేసరికి వేలల్లోకి దిగడానికి కొలతల్లో సవరణ నుంచి కొత్తగా పుట్టుకొచ్చిన రికార్డు దాకా సవాలక్ష కారణాలు. కొన్ని న్యాయమైనవి కూడా. వేసవిలో తీసిన కుంటను వానలయ్యాక కొలిస్తే పూడిక వల్ల లోతు తగ్గి కనిపించడం నిజమే. అయితే ఏది పూడిక, ఏది దొంగ లెక్క అన్నది తేల్చే మనిషి పథకం నడిపే శాఖలోనివాడైతే ఆ తీర్పుపై కూలీకి నమ్మకం కుదరదు.

శిక్ష సాధారణంగా వరుసలో చిట్టచివరివాడి మీద పడుతుంది. ఫీల్డ్ అసిస్టెంట్ పర్మినెంట్ ఉద్యోగి కాడు, ప్రభుత్వం మారితే తానూ మారిపోయే అవకాశం ఉన్నవాడు. తీసేయడం తేలిక, రాబట్టడం కష్టం. కొలతల పుస్తకంలో సంతకం పెట్టిన సాంకేతిక సిబ్బంది, చెల్లింపును ఆమోదించిన పైఅధికారి అదే మొత్తంలో ఎంత భరించాలో తేలేలోపు బదిలీలు జరిగిపోతాయి. ఈ ఇబ్బంది ప్రభుత్వానికి తెలియనిది కాదు. అందుకే ఉమ్మడి రాష్ట్రంలో 2012లో సామాజిక తనిఖీని ప్రోత్సహించి అక్రమాలను అరికట్టడానికని విడిగా చట్టమే చేశారు. విచారణకు ప్రత్యేక మొబైల్ కోర్టులను అందులో చేర్చారు. దేశంలో అంతవరకు ఏ రాష్ట్రమూ అంత దూరం వెళ్లలేదు. ఆ తర్వాత వసూళ్ల శాతం పైన చెప్పినట్టు ఉందంటే, చట్టం కాగితం మీద ఎంత గట్టిగా ఉందన్నదానితో దాని అమలుకు సంబంధం లేదనుకోవాలి.

ఈలోగా పర్యవేక్షణ దిశ మళ్లీ మారడం మొదలైంది. 2021లో వచ్చిన ఎన్‌ఎంఎంఎస్ అనే హాజరు యాప్ 2023 జనవరి నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా, అన్నిచోట్లా తప్పనిసరి అయింది. రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో తీసి, ఎక్కడ తీశారో తెలిసేలా పంపాలి. 2024 జనవరి నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి. దాని ముందు 2022–23లో దేశమంతటా 5 కోట్లకు పైగా కూలీల పేర్లు జాబితాల నుంచి తొలగించారు. వాటిలో దొంగ పేర్లు ఉన్నాయి, ఊరొదిలి పోయినవారి పేర్లు ఉన్నాయి. తీసేసినట్టు తెలియకుండానే పనికి వచ్చి వెనుదిరిగినవారూ ఉన్నారు. ఇక 2025 జులైలో కేంద్ర శాఖే రాష్ట్రాలకు లేఖ రాసి, యాప్‌లో పనికి సంబంధం లేని ఫోటోలు, ఫోటోకు తీసిన ఫోటోలు ఎక్కిస్తున్నారని, ఫోటోలో ఉన్నవారికీ హాజరులో ఉన్నవారికీ పొంతన ఉండటం లేదని ఒప్పుకుంది. పరిష్కారంగా సూచించింది ఏమిటంటే, ఆ ఫోటోలను పంచాయతీ నుంచి రాష్ట్రం దాకా ప్రతి స్థాయిలో మనుషులు తనిఖీ చేయడం. మనిషిని నమ్మలేక యంత్రం తెచ్చి, యంత్రాన్ని నమ్మలేక మళ్లీ మనిషిని పెట్టారు. తేడా ఏమిటంటే, ఈసారి చూసేది ఊరి మనిషి కాదు, ఆఫీసు మనిషి.

పింఛన్ల విషయంలోనూ ఇదే ధోరణి. 2025లో రాష్ట్రంలో దివ్యాంగుల వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రాలను తిరిగి పరీక్షించారు. అనర్హులు ఉన్నారన్నది నిజం. వాళ్లను తొలగించడం ప్రభుత్వ బాధ్యతే. కానీ నడవలేని మనిషి ఆసుపత్రి వరుసలో మళ్లీ నిలబడి తన వైకల్యాన్ని నిరూపించుకోవలసి వచ్చింది. ఆ ధ్రువపత్రంపై సంతకం పెట్టిన డాక్టర్లను, సిఫారసు చేసిన దళారులను అదే స్థాయిలో, ఊరి ముందు నిలబెట్టిన దాఖలా కనిపించదు. 1877లో టెంపుల్ అడిగిన ప్రశ్న కన్నా ఇది చాలా మర్యాదగా అడిగిన ప్రశ్నే, కానీ అడిగింది మాత్రం అదే మనిషిని.

ఫోటో, వేలిముద్ర, ఆధార్ పనికిరానివని దీని అర్థం కాదు. కూలి నేరుగా ఖాతాలో పడటం మొదలయ్యాక మధ్యలో కమీషన్ కోసే చేతులు తగ్గాయి. ఆ మేలును కూలీలే చెబుతారు. కాకపోతే యంత్రం పట్టుకోగలిగేది లేని మనిషిని. ఉన్న మనిషి చేత పని చేయించకుండా జేసీబీతో తవ్వించి, ఫోటోకు మాత్రం గంపలతో నిలబెడితే యంత్రానికి అది సలక్షణమైన హాజరే. యంత్రాలు వాడకూడదని చట్టం చెప్పిన చోట జేసీబీ చక్రాల గుర్తులు చూసి చెప్పగలిగింది ఊరివాళ్లే.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో ‘వీబీ–జీ రామ్ జీ’గా పిలుస్తున్న కొత్త చట్టాన్ని ఆమోదించింది. 125 రోజుల పని, వ్యవసాయ పనులు ముమ్మరంగా ఉండే రోజుల్లో మొత్తం 60 రోజుల విరామం, బయోమెట్రిక్ హాజరు, అక్రమాలు పసిగట్టడానికి కృత్రిమ మేధ వగైరా అందులో ఉన్నాయి. సామాజిక తనిఖీ కూడా ఉంది. పర్యవేక్షణ కోణంలో అన్నిటికన్నా పెద్ద మార్పు నిధుల వాటాది. ఇదివరకు కూలి మొత్తం కేంద్రానిదే. సామగ్రిలో నాలుగో వంతే రాష్ట్రానిది. కొత్త చట్టం కింద ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాలు మొత్తం ఖర్చులో 40 శాతం భరించాలి. దీని ఫలితం రెండు రకాలుగా ఉండవచ్చు. తన జేబులోంచి పోయే డబ్బు కాబట్టి రాష్ట్రం రికవరీపై ఇదివరకటి కన్నా పట్టుదల చూపవచ్చు. లేదా ఖర్చు తగ్గించుకోవడానికి అందరికన్నా తేలిక మార్గం, అంటే పని అడిగేవాళ్ల సంఖ్యను తగ్గించే మార్గం పట్టవచ్చు. లోటు బడ్జెట్‌తో నడిచే రాష్ట్రాన్ని రెండో దారి ఎక్కువగా ఊరిస్తుందని అనుమానించడానికి అవకాశం ఉంది. అప్పుడు సామాజిక తనిఖీ బృందాలు ఇంటింటికీ వెళ్లి అడగవలసిన ప్రశ్న కూడా మారాలి. ‘ఈ పని చేశారా?’ అని మాత్రమే కాకుండా ‘పని అడిగితే లేదన్నారా? అడిగినప్పుడు రసీదు ఇచ్చారా?’ అని. ఇవ్వని పనికి మస్టరు ఉండదు, బిల్లు ఉండదు. ఏ యాప్‌లోనూ దాని ఫోటో ఉండదు.

కొత్త ఏర్పాట్ల కోసం ఎదురుచూడకుండా చేయదగినది ఒకటి పాత నియమాల్లోనే ఉంది. 2011 తనిఖీ నియమాల ప్రకారం సామాజిక తనిఖీ సభ మొదలవగానే, గత తనిఖీలో తేలిన అంశాలపై ఏ చర్య తీసుకున్నారో చదివి వినిపించాలి. ఎవరి నుంచి ఎంత రాబట్టాలన్నారు, ఎంత కట్టారు, ఎవరి విచారణ ఎక్కడ ఆగింది, ఏ అభ్యంతరాన్ని ఎవరి సంతకంతో డ్రాప్ చేశారు: ఇదంతా రెండు పేజీల కాగితం. దానికి సిగ్నల్ అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల ప్రజావేదికలకు వెళ్లే విలేకరులు ఈసారి రికవరీ అంకె రాసుకునే ముందు ఆ కాగితం చదివారో లేదో రాసినా చాలు, పోయినసారి ఆదేశించిన వసూలు ఎక్కడ నిలిచిపోయిందో ఆ మండలం వాళ్లకు పేరుతో సహా తెలుస్తుంది.